కళ ఎవరి హృదయాన్ని కదిలిస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి పేరు 2023లో తెలుగునాట చాలామంది నోట వినిపించింది. మలయాళంలో 2021లో వచ్చిన ‘నాయాట్టు’ అనే చలనచిత్రాన్ని తెలుగులో మళ్ళీ తీసి, దానికి ఈ ఊరి పోలీసు స్టేషను పేరు పెట్టారు. చిత్రం నవంబరులో విడుదలయింది. అంతకు ముందే అందులోని ఒక పాట, శ్రీకాకుళం యాసలో జానపద బాణీలో సాగే పాట, ఊరూరా పాకిపోయింది. ఆ యాస బొత్తిగా తెలియనివారు సైతం దాని దరువుకు చిందులు వేశారు. ఆ యాసలో పుట్టి పెరిగి, పొట్టకూటికోసం దూరప్రాంతాలకు వలసపోయినవారికి అందులో తమ ఊరి పలుకు వినిపించింది. మరికొందరికి అది చెవులు హోరెత్తించే గోల మాత్రమే. పాట మాత్రం అందరికీ ఒక్కటే.

ఇది ఒక సినిమా పాటకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఉత్తరాంధ్ర జాతరలలో తప్పెటగుళ్ళు ఆడతారు. కళాకారులు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, రొమ్ముమీద వేలాడే గుండ్రని రేకు వాయిద్యాన్ని రెండు చేతులతో మోగిస్తూ, వలయంగా తిరుగుతూ కథాగానం చేస్తారు. చూసేవారిలో ఒకరు తెల్లవార్లూ కదలకుండా కూర్చుంటే, పక్కనున్నవారు ఆవులిస్తూ లేచిపోతారు. లేచిపోయినవారు చదువుకున్నవారే కావచ్చు, మంచివారే కావచ్చు. మరి ఈ తేడా ఎందుకు కలుగుతుంది?

సాధారణంగా దీనికి రెండు సమాధానాలు చెబుతారు. ‘లోకో భిన్న రుచిః’ అని మొదటిది. ఎవరి ఇష్టం వారిది, ఇక చర్చ అనవసరం అని దీని తాత్పర్యం. కదలనివాడిది రాతిగుండె అన్నది రెండవది. మొదటి సమాధానం ప్రశ్నను విడిచిపెడుతుంది. రెండవ సమాధానం మనుషులను గాయపరుస్తుంది. ముఖ్యంగా ఇళ్ళలో పెద్దలు పిల్లల విషయంలో ఈ రెండవ తీర్పును తొందరపడి ఇస్తూ ఉంటారు. అది ఎంతవరకు న్యాయమో పరిశీలించవలసి ఉంది.

చెకుముకి రాయిలోని నిప్పు

ఈ ప్రశ్నను లోతుగా పరిశీలించిన పూర్వ విద్వాంసులలో ఇమామ్ గజాలీ (1058–1111) ముఖ్యులు. తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ అనే మహాగ్రంథంలో వారు గానశ్రవణానికి, దానివల్ల కలిగే భావావేశానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించారు. శ్రవణాన్ని ‘సమా’ అనీ, ఆవేశాన్ని ‘వజ్ద్’ అనీ అంటారు. గానం ధర్మసమ్మతమా కాదా అనే విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ ప్రస్తుతం కాదు. విన్నప్పుడు మనిషి హృదయంలో ఏం జరుగుతుందన్న విషయంలో గజాలీ చెప్పినది మాత్రం గమనించదగినది.

వారి వివరణ ప్రకారం, ఇనుములోనూ రాతిలోనూ నిప్పు దాగి ఉన్నట్లే హృదయంలో భావాలు దాగి ఉంటాయి. చెకుముకి రాయిని ఇనుముతో కొడితే నిప్పురవ్వ రాలినట్లు, మధురమైన స్వరం తాకినప్పుడు లోపలున్నది బయటపడుతుంది. లోపల లేని దానిని స్వరం కొత్తగా తెచ్చిపెట్టదు. పుత్రశోకం ఉన్నవాడికి ఆ రాగం శోకాన్ని రగిలిస్తుంది. ప్రయాణం కట్టుకున్నవాడికి అదే రాగం ఉత్సాహాన్నిస్తుంది. ఏ తలపూ లేనివాడికి అది కాలక్షేపం.

ఈ దృష్టితో చూస్తే కళాఖండం సగమే. మిగిలిన సగం వినేవాడు, చూసేవాడు, చదివేవాడు వెంట తెచ్చుకుంటాడు. అతను తెచ్చుకునేవి ఏమిటి? భాష, జ్ఞాపకాలు, చెవికీ కంటికీ ఉన్న అలవాటు, ఆ క్షణంలోని మనఃస్థితి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా నిప్పురవ్వ రాలకపోవచ్చు.

గజాలీ ఇచ్చిన ఒక ఉదాహరణ అనువాదకులకు మరీ ఆసక్తికరమైనది. అరబీ కవితను ఆలపిస్తుండగా అరబీ రాని పారసీకుడొకడు పరవశుడైపోయాడు. నీకు ఏం అర్థమైందని తోటివారు అడిగారు. కవితలో ‘నన్ను చూడ వచ్చింది’ అనే అర్థంలో ‘జారనీ’ అనే మాట ఉంది. ఫార్సీలో ‘జార్’ అంటే దీనుడు, నాశనానికి చేరువైనవాడు. తామందరం వినాశనం అంచున ఉన్నామని కవి హెచ్చరిస్తున్నాడని అతను భావించాడు. పరలోక చింత అతని మనసులో ముందే నిండి ఉంది. చెవిన పడిన పరాయి మాటలో అతను తన చింతనే విన్నాడు. కవి చెప్పినది ప్రేమ గురించి. శ్రోతను కదిలించినది మృత్యుభయం. అతని భావావేశం అబద్ధం కాదు. కాని కవిత అర్థమైనందువల్ల కలిగినదీ కాదు.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతోంది. కదిలిపోవడం వేరు, గ్రహించడం వేరు. అర్థం తెలియకుండా కదలవచ్చు. అర్థం పూర్తిగా తెలిసీ కదలకపోవచ్చు.

తెలుగులో ఖయ్యామ్

ఒకే కవి ఒకరికి అమృతమై మరొకరికి చప్పిడి కూడు ఎలా అవుతాడో తెలియడానికి ఉమర్ ఖయ్యామ్ చరిత్ర చక్కని నిదర్శనం. ఖయ్యామ్ (1048–1131) ప్రధానంగా గణితవేత్త, ఖగోళ శాస్త్రజ్ఞుడు. బీజగణితంలో ఘన సమీకరణాలపై ఆయన చేసిన కృషి ప్రసిద్ధం. ఆయన పేర చలామణి అయ్యే రుబాయీలలో ఎన్ని నిజంగా ఆయనవో పండితులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

1859లో ఎడ్వర్డ్ ఫిట్జిరాల్డ్ అనే ఆంగ్లేయుడు తన పేరు వేసుకోకుండా 75 రుబాయీలను ఇంగ్లీషులో చిన్న పుస్తకంగా ప్రచురించాడు. 250 ప్రతులు అచ్చువేశారు. వెల ఒక షిల్లింగు. కొనేవారు లేక లండన్ దుకాణదారు వాటిని ఒక పెన్నీకి దొరికే పాత పుస్తకాల పెట్టెలో పడేశాడు. 1861లో అవి కొందరు సాహిత్యాభిమానుల కంటబడ్డాయి. చిత్రకారుడూ కవీ అయిన రోజెట్టి, ఆయన మిత్రులు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. క్రమంగా అది ఇంగ్లీషులో అత్యధికంగా చదవబడిన కవితా గ్రంథాలలో ఒకటయింది. 1859లోని అక్షరాలూ 1861లోని అక్షరాలూ అవే. చదివినవారు మారారు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర అజ్జాడ గ్రామంలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడుగా పేరుగాంచారు. 1919లో విజయనగరంలో ప్రారంభమైన సంగీత కళాశాలకు ఆయనే తొలి అధ్యక్షుడు. ఆయన ఫార్సీ నేర్చుకుని ఖయ్యామ్‌ను మూలంలో చదివారు. ఫార్సీ రుబాయీలనూ, ఫిట్జిరాల్డ్ ఇంగ్లీషు పద్యాలనూ పక్కపక్కన పెట్టి, రెండింటినీ సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ అనువదించి 1932లో ప్రకటించారు. ఒక్క మనిషి ఇంతటి పనికి పూనుకోవడం ఆశ్చర్యకరం. దాదాపు అదే కాలంలో నెల్లూరు సీమకు చెందిన దువ్వూరి రామిరెడ్డి (1895–1947) ఖయ్యామ్‌ను ‘పానశాల’ పేరిట పద్యాలుగా తెలిగించారు. పిఠాపురానికి చెందిన ముస్లిం కవి, పండితుడు ఉమర్ ఆలీషా (1885–1945) కూడా ఖయ్యామ్‌ను తెలుగులోకి తెచ్చారు.

వీటిలో సామాన్య పాఠకుల గుండెలకు చేరినది ‘పానశాల’. నారాయణదాసు గ్రంథం పండితుల మన్ననకు పాత్రమైంది గాని ఇంటింటి పుస్తకం కాలేదు. ఫార్సీ జ్ఞానంలోగాని భాషాధికారంలోగాని నారాయణదాసుకు లోటు ఉన్నందువల్ల ఇలా జరగలేదు. అచ్చ తెలుగు అంటే సంస్కృత పదాల కలయిక లేని తెలుగు. అది మన సొంత భాషే అయినా, తరతరాలుగా సంస్కృత సమాసాలకు అలవాటుపడిన చెవికి అదే కొత్తది. సొంత మాటకు నిఘంటువు వెదకవలసి వస్తే పద్యం నడక దెబ్బతింటుంది. రామిరెడ్డి ఆనాటి భావకవిత్వ పాఠకులకు అప్పటికే పరిచయమైన పదజాలంతో, పరిచయమైన ఛందస్సులో పారసీక తోటలోని కొత్త పూవును అందించారు. పాత పాత్రలో కొత్త పానీయం పోశారు కనుక చేయి చాచడం సులభమైంది. నారాయణదాసు చేతిలో పానీయమూ కొత్తదే, పాత్రా కొత్తదే.

అయితే ఓపికతో అచ్చ తెలుగుకు చెవినిచ్చినవారికి నారాయణదాసు పద్యాలలో మరెక్కడా దొరకని రుచి దొరుకుతుంది. అరబీ అలంకార శాస్త్రానికి మూలపురుషులలో ఒకరైన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ (మరణం 1078) ఈ విషయాన్నే మరో విధంగా వివరించారు. శ్రమించి చేజిక్కించుకున్న అర్థం తేలికగా దొరికిన అర్థంకన్నా ఎక్కువ ఆనందాన్నిస్తుంది, చిప్పను పగలగొడితేగాని ముత్యం దొరకనట్లు. కాని ఆ శ్రమకు ఫలం ఉండాలని, వట్టి చిక్కుముడి కవిత్వం కాదని కూడా వారు చెప్పారు.

ఖయ్యామ్ విషయంలో మరో అడ్డంకి కూడా ఉంది. ఆ పద్యాలలో మధుపాత్ర మాటిమాటికీ కనిపిస్తుంది. మద్యం నిషిద్ధమని నమ్మే పాఠకుడు అక్కడే ఆగిపోవచ్చు. ఆ పాత్రను దైవప్రేమకు సంకేతంగా చదివే సూఫీ సంప్రదాయానికి అలవాటుపడినవాడు ముందుకు సాగుతాడు. మొదటివాడికి హృదయం లేదనడానికి వీలులేదు. అతని విలువలు అతనికి కాపలా కాస్తున్నాయి. కళను ఆస్వాదించడంలో భాష, అలవాటులతోబాటు నమ్మకానికి కూడా పాత్ర ఉందని ఇక్కడ గుర్తించాలి.

మెరుగు పెట్టిన అద్దం

భారతీయ అలంకారికులు దీనిని ‘సహృదయుడు’ అనే ఒక్క మాటలో ఇమిడ్చారు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు సహృదయుడు ఎవరో చెబుతూ, కావ్యాలను పదేపదే పరిశీలించడంవల్ల మనసనే అద్దానికి మెరుగు వచ్చినవాడు అని వివరించాడు. మనిషిలో పూర్వానుభవాల సంస్కారాలు నిద్రాణంగా ఉంటాయని, కావ్యం వాటిని మేల్కొలుపుతుందని ఆయన సిద్ధాంతం. కాశ్మీర పండితుడికీ ఖురాసానుకు చెందిన ఇమాముకూ మతం వేరు, భాష వేరు, దారి వేరు. అయినా లోపల ఉన్నదే మేల్కొంటుందనే మాట వద్ద ఇద్దరూ దగ్గరకు వస్తారు. అభినవగుప్తుడు దీనికి చేర్చినది ఒకటుంది. ఆ అద్దానికి సానపట్టవచ్చు. అంటే సహృదయత కొంత పుట్టుకతో వచ్చినా, కొంత సాధనతో వస్తుంది.

నేటి పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని చాలవరకు బలపరుస్తున్నాయి. దక్షిణ అమెరికాలోని బొలీవియా అడవులలో చిమానే అనే తెగ ఉంది. పాశ్చాత్య సంగీతంతో వారికి పరిచయం బహు తక్కువ. పాశ్చాత్య శ్రోతలు శ్రావ్యమనుకునే స్వరాల కలయికనూ, కర్ణకఠోరమనుకునే కలయికనూ వినిపిస్తే వారు రెండింటినీ సమానంగానే ఇష్టపడినట్లు 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సహజమని తోచే శ్రావ్యత కూడా చాలావరకు అలవాటేనని దీనివల్ల తెలుస్తోంది.

2014లో బార్సిలోనా పరిశోధకులు మరో సంగతి వెల్లడించారు. వినికిడిలో ఏ లోపమూ లేక, మనోవ్యాధి ఏదీ లేక, ఇతర విషయాలలో అందరిలాగే సంతోషించే కొందరికి సంగీతం మాత్రం ఏ ఆనందాన్నీ ఇవ్వదు. వారు రాగంలోని విషాదాన్ని విషాదంగా గుర్తించగలరు. అది వారిని తాకదు, అంతే. మెదడులో ఆనందాన్ని కలిగించే వ్యవస్థ సంగీతానికి స్పందించే తీరులోనే వారికి తేడా ఉంది. ఇలాంటివారిని రాతిగుండెవారని నిందించడం అన్యాయం.

అలాగని అంతా అలవాటే, కళాఖండంలో మంచిచెడ్డలు లేనే లేవు అనుకోవడం కూడా పొరపాటు. 2013లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం జరిగింది. తళుకుబెళుకులతో కూడిన బజారు చిత్రాలకు పేరుపడిన అమెరికన్ చిత్రకారుడు కింకేడ్ బొమ్మలనూ, 19వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు మిలే బొమ్మలనూ విద్యార్థులకు వారాల తరబడి చూపించారు. కింకేడ్ బొమ్మలు ఎన్నిసార్లు కంటబడితే అంతగా వాటిపై ఇష్టం తగ్గింది. మిలే చిత్రాల విషయంలో అలా జరగలేదు. పరిచయం తలుపు తెరుస్తుంది, లోపల సరుకు ఉందో లేదో కూడా పరిచయమే బయటపెడుతుంది. కాబట్టి ఒకసారి చూసి కదలనివాడు తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు. ఒకసారి చూసి కదిలిపోయినవాడూ తొందరపడకూడదు.

కన్నీరు కొలబద్ద కాదు

ఈ చర్చ తెలుగు ముస్లిం కుటుంబాలకు చాలా దగ్గరి విషయం. శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు ఒక శాతానికి కూడా చేరరు. అలాంటిచోట పిల్లవాడు బడిలో తెలుగు చదువుతాడు, వీధిలో తెలుగే మాట్లాడతాడు. ఖుర్ఆన్ పారాయణం మాత్రం అరబీలో వింటాడు. కంఠమాధుర్యంగల ఖారీ పఠిస్తుంటే తాతగారి కళ్ళు చెమ్మగిల్లుతాయి. మనవడు గోడ గడియారం వైపు చూస్తాడు. ‘వీడి గుండె బండబారిపోయింది’ అని పెద్దవారు బాధపడతారు. ఆ మాట పిల్లవాడి చెవిన పడుతుంది. ఒకసారి పడితే చాలాకాలం పోదు.

ఇక్కడ గజాలీ చెప్పినది మరొకటి తలచుకోవాలి. కొందరు ఖుర్ఆన్ పఠనంకన్నా కవితాగానానికే ఎక్కువ చలించడం ఎందుకని వారు నిర్మొహమాటంగా ప్రశ్నించుకుని ఏడు కారణాలు చూపారు. వారసత్వం, విడాకులు మొదలైన శాసనాలు తెలిపే ఆయతులు ప్రతి శ్రోత అప్పటి మనఃస్థితికీ సరిపడవు. తరచుగా విని కంఠస్థమైన దానికన్నా మొదటిసారి విన్నది మనసును బలంగా తాకుతుంది. ఛందస్సు, రాగం, తాళం కవితకు తోడవుతాయి. వాటిని గాయకుడు తన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు, దైవవాణిని అలా మార్చరాదు. ఈ తరహా కారణాలు వారు వివరించారు. వీటిలో ఏదీ శ్రోత విశ్వాసంలోని లోపం కాదు.

ఆ సందర్భంలోనే హజ్రత్ అబూబక్ర్ (రజి) గురించిన ఒక ఉదంతాన్ని గజాలీ ప్రస్తావించారు. ఎడారి అరబ్బులు కొందరు వచ్చి మొదటిసారి ఖుర్ఆన్ విని విలపించారు. వారిని చూసి హజ్రత్ అబూబక్ర్, ఒకప్పుడు తామూ అలాగే ఉండేవారమని, ఆ తరువాత తమ హృదయాలు గట్టిపడ్డాయని అన్నారు. ఆయన హృదయం ఆ ఎడారి వాసుల హృదయాలకన్నా కఠినమని ఎవరూ అనుకోరాదని గజాలీ హెచ్చరిస్తారు. నిత్య పరిచయం వల్ల ఆవేశం స్థిరపడిందేగాని ప్రేమ తగ్గలేదు. కొత్తవారి కన్నీరు, పాతవారి నిశ్చలత రెండూ నిజమైనవే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చరిత్రలో ఉంది. మక్కా నాయకులలో ఒకడైన వలీద్ బిన్ ముగైరా మహాప్రవక్త (స) నోట ఖుర్ఆన్ విని, దాని మాధుర్యానికి ముగ్ధుడై, అది మానవుల వాక్కులా లేదని మెచ్చుకున్నాడని ప్రవక్త జీవిత గ్రంథాలు చెబుతున్నాయి. అయినా అతను తన వారి ఒత్తిడికి లొంగి అది మంత్రజాలమని ప్రచారం చేశాడు. సౌందర్యం అతన్ని కదిలించింది, మార్చలేదు. కదలిక ఒక్కటే మనిషి విలువకు కొలబద్ద అయితే వలీద్‌కు పెద్దపీట వేయవలసి వస్తుంది.

మరి మనవడి మాటేమిటి? అతనిలో లోపించినది హృదయం కాదు. అతనికి శబ్దం ఒక భాషలో, అర్థం మరో భాషలో అందుతున్నాయి. రెండూ ఒకచోట కలవడంలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ప్రాంతంలో పుట్టిన చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి అనువదించి 1925లో ప్రకటించారు. ఆ తరువాత ముస్లిం విద్వాంసుల అనువాదాలు అనేకం వచ్చాయి. అర్థం ఇప్పుడు అందుబాటులోనే ఉంది. కాని అనువాదంలో మూలంలోని నాదం ఉండదు, మూలపఠనంలో తెలుగువాడికి అర్థం ఉండదు. నాదం మాత్రమే విన్నవాడు గజాలీ చెప్పిన పారసీకుడిలా తన తలపునే వింటాడు. అర్థం మాత్రమే చదివినవాడు పాట సాహిత్యాన్ని కాగితంమీద చదివినవాడవుతాడు.

ఈ దూరాన్ని తగ్గించడానికి గొప్ప ఏర్పాట్లు అవసరం లేదు. ఇంట్లో ఒక చిన్న సూరాను ఎంచుకుని, ముందు దాని సందర్భాన్ని కథగా చెప్పవచ్చు. ఆపైన ఒక్కొక్క మాట అర్థం విప్పి, చివరకు ఆ సూరానే మంచి కంఠంతో వినిపించవచ్చు. అదే సూరాను కొన్ని నెలల తరువాత మళ్ళీ వినాలి. పిల్లవాడి కళ్ళు చెమ్మగిల్లాయా లేదా అని పరీక్షించకూడదు. అరబీ మాట ఒకటి తనకు పరిచయమైనదిగా తోచినప్పుడు అతనే తల ఎత్తుతాడు.

ఇదే పద్ధతి ఇరుగుపొరుగు కళల విషయంలోనూ వర్తిస్తుంది. కోటబొమ్మాళి పరిసరాలలో తప్పెటగుళ్ళ చప్పుడు విని ముఖం చిట్లించేవారు ఆ కథ ఏమిటో, ఆ అడుగుల లెక్క ఏమిటో ఒకసారి అడిగి తెలుసుకోవచ్చు. ఆ కథలోని విశ్వాసంతో వారికి పొత్తు కుదరకపోవచ్చు. ఆ వాయిద్యం చివరకు వారిని కదిలించకనూ పోవచ్చు. కాని పక్కింటివాడు తెల్లవార్లూ ఎందుకు కూర్చున్నాడో తెలుస్తుంది. తన పారాయణాన్ని వింటూ పక్కింటివాడు ఎందుకు కదలలేదో కూడా అప్పుడే అర్థమవుతుంది.